కళ్లు దిద్దని అమ్మలు

అన్యాయం జరిగింది ఎవరికి? ఘూర్ణీ మట్టిబొమ్మలవాడలో పుట్టి, కృష్ణనగర్ కాన్వెంటులో పసితరగతి పిల్లలకు బొమ్మలు నేర్పిన చారుశీల పాల్‌కు. ఎలా జరిగింది? క్రిస్మస్‌కు ముందు ఒకనాటి మధ్యాహ్నం, నిండు హాల్లో, పిల్లల తల్లుల ఎదుట ఆమెను మంత్రగత్తె అన్నారు. అన్నవారిని వారించిన వారు లేరు. ఆ సాయంత్రమే ఆమె గేటు దాటి వెళ్లింది; తిరిగి లోపల అడుగు పెట్టలేదు. ఆమె చేసిన నేరమల్లా ఒకటే: పిల్లలచేత వారి వారి అమ్మల ముఖాలు గీయించి, వాటికి కళ్లు దిద్దకుండా గోడకు తగిలించింది.

అది జరిగి యాభై ఏళ్లు దాటింది. ఆనాటి పసిపిల్లల్లో ఒకతె అయిన తరులతా బిశ్వాస్ తల ఇప్పుడు నెరిసింది. అదే తరగతికి ఆమే బొమ్మలు నేర్పుతున్నది. చారుశీల బతికుండగా ఆమె పేరు మీది మచ్చ తుడవాలని తరులత పట్టుబట్టింది. ఘూర్ణీకి వెళ్లి, బడికి ఒకసారి రమ్మని బతిమాలితే, ఎనభై ఏళ్ల ఆ ముసలావిడ మట్టిచేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ ఒక షరతు పెట్టింది.

"ఆ రోజు అమ్మలు కూచోవలసిన కుర్చీలు ఎవరు తీశారో, వాళ్లే మళ్లీ వేస్తే వస్తా. ఎవరని నన్నడక్కు, నా నోటితో చెప్పను. టోటో ఎక్కి గేటు దాకా వస్తా, బయటే కూచుంటా. కుర్చీలు పడితే పిలువు. పడకపోతే బండి వెనక్కి తిప్పించుకు పోతా."

ఆ బ్యాటరీ రిక్షా టోటో ఇప్పుడు గేటు బయట ఆగి ఉంది.

హాల్లో మాత్రం ఒక్క కుర్చీ లేదు. గోడ పొడవునా, పిల్లల గడ్డాల ఎత్తున, అమ్మల ముఖాలు వరసగా వేలాడుతున్నాయి. ఒకరికి జడ, ఒకరికి ముడి, ఒకరికి నుదుట సూర్యబింబమంత సిందూరం, ఒకరికి మెడలో సిలువ. ఏ ముఖానికీ కళ్లు లేవు. కళ్లుండవలసిన చోట తెల్ల కాగితం ఎదురుచూస్తున్నది.

"దిదిమణీ, మా అమ్మకి ముక్కు మీదే కోపం అంటాడు నాన్న. దానికి ఏ రంగు వెయ్యాలి?" అని తన టీచరమ్మ తరులతను అడిగింది ఝిమ్లి. ఐదేళ్లు నిండని పిల్ల. మోచేతుల దాకా రంగే.

"నువ్వు చూసిన రంగు వెయ్యి."

"మధ్యాహ్నం ఎర్రగా ఉంటది. నాన్న ఆలస్యంగా వస్తే నీలంగా." ఝిమ్లి తల పక్కకు వంచి తరులత ముఖాన్ని పరిశీలించింది. "నీ ఒక కన్ను నిద్రపోతోంది దిదిమణీ. కుడిది."

"అది పుట్టినప్పటినుంచీ అంతే. నీ పని చూసుకో."

గద్దించిందే కాని తరులతకు లోలోపల సంతోషమే. పిల్ల చూడటం నేర్చుకుంటున్నది. చూడటం నేర్పినవారెవరో ఆమెకు జ్ఞాపకం వచ్చింది.

ఆ రోజుల్లో పసితరగతి గదిలో జలంగీ నది ఒడ్డు మట్టి వాసన నిండి ఉండేది. చారుశీల తడిగుడ్డ చుట్టిన మట్టిముద్దను చంకన పెట్టుకుని, బిడ్డను ఎత్తుకువచ్చినట్టు తెచ్చేది. కాగితం, కుంచె తరువాతి మాట. ముందు కళ్లు మూసుకోమనేది. "మీ ముఖం మీద మీ వేళ్లతో నడిచి రండి. నుదురు మైదానం. ముక్కు గట్టు. పెదవుల దగ్గర చిన్న కాలవ ఉంటుంది, జారి పడేరు, జాగ్రత్త!" పిల్లలు కిలకిల నవ్వుతూ తమ ముఖాలను తామే తడుముకునేవారు. అలా తడిమినదాన్ని, కళ్లు తెరవకుండానే, మట్టిలో నొక్కాలి. చలికాలం ఎండ ఏటవాలుగా గదిలోకి దిగినప్పుడు ఒకరిని గోడ పక్కన కూర్చోబెట్టి, గోడ మీద పడిన నీడ చుట్టూ బొగ్గుతో గీత గీయించేది. నీడ యజమానిని పంపేసి, "ఈ ముక్కు ఎవరిది? చెప్పినవాళ్లకి ఖర్జూరబెల్లం" అనేది. బెల్లం మాత్రం చెప్పలేనివారికీ దక్కేది. ఆ బెల్లం పొగవాసన యాభై ఏళ్ల తరువాత కూడా తరులత నాలుక చివర ఉన్నది.

చివరికి అమ్మ బొమ్మ. జుట్టు గీశారు, చెవులు గీశారు, అమ్మకు ఇష్టమైన చీర అంచు గీశారు. కళ్ల దగ్గరికి వచ్చేసరికి చారుశీల అందరిచేతా కుంచెలు కింద పెట్టించింది. "చీర జ్ఞాపకం మీద గీయొచ్చు. కళ్లు మాత్రం మనిషిని ఎదురుగా కూచోబెట్టుకుని, చూసి గీయాలి. మా నాన్న ఎంత పెద్దవాళ్ల తలకాయలు చేసినా కళ్లు చివరికి ఉంచేవాడు. అమ్మలొచ్చి కూచుంటారు. అప్పుడు దిద్దుదాం."

అమ్మలు వచ్చారు. కూర్చోలేదు. అంతవరకే తరులతకు తెలుసు. ఆనాడు జ్వరంతో ఇంట్లో పడుకుని ఉండటంవల్ల ఆమె హాల్లో లేదు.

బయట టోటో హారను ఒకసారి మోగింది. అదే సమయానికి గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది.

కబురందుకుని వచ్చినది మిస్ బెనెడిక్టా సర్కార్. ఆనాటి ఉపాధ్యాయినుల్లో కాన్వెంటు తోడు ఇంకా వదలనిది ఆమె ఒక్కతే. గంజిపెట్టిన తెల్లచీర, మెడదాకా గుండీలు పెట్టిన రవిక, చంకలో గొడుగు. పసితరగతి పెద్దగా పదవీ విరమణ చేసినా, ఈ ఊళ్లో సగంమంది ఆడవాళ్లు ఆమెను చూస్తే ఇప్పటికీ వీపు నిటారు చేస్తారు. తరులత కూడా చేసింది.

బెనెడిక్టా గోడ వైపు చూసింది. కర్ర ఒక క్షణం తడబడింది. వెంటనే సర్దుకుని, అలవాటైన విసుగుతో అన్నది:

"ఏమిటిది, తరూ? అన్నీ సిద్ధం చేసి అసలువి మరిచావే? బొమ్మకో కుర్చీ ఉండొద్దూ? అమ్మలు ఎక్కడ కూచుంటారు?"

తరులత రంగునీళ్ల గిన్నెను బల్ల మీద పెట్టి, పిల్లలను వరండాలో చేతులు కడుక్కుని రమ్మని పంపింది. ఆఖరి పిల్ల గుమ్మం దాటేదాకా ఆగింది.

"బొమ్మకో కుర్చీ ఉండాలని మీకెవరు చెప్పారు, మిస్?"

"చెప్పడమేమిటి? తెలుస్తూనే ఉంది గదా."

"ఎలా తెలుస్తుంది? కళ్లు లేని బొమ్మలు చూస్తే ఎవరైనా కళ్లేవని అడుగుతారు. మీరు కుర్చీలేవని అడిగారు. చారు దిదిమణి ఏం చేయబోతోందో ఆ రోజు ఎవరికీ తెలీదనేగా ఈ స్కూల్లో ఇన్నేళ్లూ చెప్పింది? ఎవరికీ చెప్పకుండా చేసిందనేగా పంపేశారు?"

బెనెడిక్టా కర్ర మీద రెండు చేతులూ పెట్టింది.

"బడిలో నన్ను మీరే పెంచారు, మిస్," అన్నది తరులత. "అబద్ధమాడితే చీపురుకట్టతో వరండా ఊడ్పించేవారు. ఇప్పుడు నేను అడుగుతున్నా. ఎవరు చెప్పారు?"

"చారు చెప్పింది. ఆ రోజు పొద్దున్నే. మేమిద్దరం కలిసే కుర్చీలు మోసుకొచ్చి వేశాం. నవ్వుకుంటూ వేశాం."

"మరి తీసింది?"

"నేనే."

వరండాలో పిల్లలు నీళ్లు చల్లుకుంటున్న కేరింత వినిపిస్తున్నది. బెనెడిక్టా ఆ వైపు చూస్తూ చెప్పుకుపోయింది.

"పెద్దమనుషులు అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. ముందు వరసలో చోటు చాల్లేదు. బడి నడిపే మదర్ నా వైపు చూశారు. నోటితో ఒక్క మాట అన్లేదు, చూశారంతే. కొత్తగా ఉద్యోగంలో చేరినదాన్ని. గబగబా ఈ గోడ పక్క కుర్చీలన్నీ లాగి అటేశా. చారు లోపల పిల్లల జుట్లు దువ్వుతోంది. బయటికొచ్చేసరికి తల్లులు నిలబడి ఉన్నారు, ఎదురుగా కళ్లు లేని ముఖాలు."

"కుర్చీలు తీయడం తప్పని నేననను. తరవాత?"

"తరవాత గోల. మదర్ అడిగారు, ఇదేమిటి, ఎవరికైనా చెప్పి చేశావా అని. చారు నా వైపు చూసింది. నేను నేల వైపు చూశా."

తరులత గుండెలో ఇన్నాళ్లుగా పేరులేకుండా రగిలిన కోపానికి ఇప్పుడు ఒక ముఖం దొరికింది. ఎదుట నిలబడినది తనకు అక్షరాలు దిద్దించిన మనిషి అన్నది కూడా ఆమెను ఆపలేదు.

"ఒక్క మాట, మిస్. 'నాకు చెప్పింది' అని ఒక్క మాట. దానికోసం ఒక మనిషి బతుకంతా మంత్రగత్తె అనిపించుకుంది. ఘూర్ణీలో ఆమెకు పెళ్లి కుదరలేదు. పిల్లల్ని ఆమె దగ్గరికి పంపడానికి భయపడ్డారు. ప్రతి ఆదివారం మొదటి బెంచీలో కూచుంటారే, ఏం చెప్పుకుంటారు మీరు?"

బెనెడిక్టా తల ఎత్తింది. పాత పసితరగతి పెద్ద ఆ కళ్లలోకి తిరిగి వచ్చింది.

"నా వంతు చెప్పుకున్నా. విన్నావు. మంత్రగత్తె అని ముందు అరిచిందెవరో మాత్రం అడగవేం?"

"ఎవరు?"

"క్షేత్రమణి బిశ్వాస్."

క్షేత్రమణి తరులత నాయనమ్మ.

తల్లి పోయాక పెంచినదామె. చేతిలో జపమాల, నాలుక మీద న్యాయం. సర్‌పురియా మిఠాయి పళ్లెం మధ్యలో పెట్టి పిల్లలకు పంచేటప్పుడు, "ఒకరి వాటా ఇంకొకరు తింటే అది గొంతులో ముల్లై కూచుంటుంది" అనేది. తరులత జీవితమంతా ఆ మాట మీదే నిలబడింది. ఈ హాల్లో ఇవాళ ఆమె నిలబడి ఉన్నది కూడా ఆ మాట మీదే.

"అబద్ధం," అన్నది, ఆ మాటలో బలం లేదు.

"మీ అమ్మ రాలేదు ఆ రోజు. నీకు జ్వరం, ఆమె మంచం మీంచి లేవలేని స్థితి. వైద్యుడు ఆశ లేదన్నాడట, ఇంట్లోవాళ్లు గుట్టుగా ఉంచారు. మీ నాయనమ్మ ఒక్కతే వచ్చి, వెతుక్కుంటూ నీ బొమ్మ దగ్గర నిలబడింది. ఈ ఊళ్లో విగ్రహానికి కళ్లు దిద్దితేనే ప్రాణమొస్తుందని ఎవరికి తెలీదు? హిందువులకేనా, చర్చికి పోయే మనకీ తెలుసు. కోడలి ముఖం కళ్లు లేకుండా చూసింది. 'దీని ప్రాణం తీశారు, ఈ ఘూర్ణీ మంత్రగత్తెను పట్టుకోండి' అని కేక పెట్టింది. వసంతం రాకముందే మీ అమ్మ పోయింది. ఇక చారు మాట ఎవరు వింటారు?"

టోటో హారను మళ్లీ మోగింది. ఈసారి పొడుగ్గా.

తరులత కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. గేటు ఊచల సందున టోటో పచ్చరంగు పైకప్పు కనిపిస్తున్నది. ఎవరి తరఫున న్యాయం అడగడానికి ఇంత దూరం వచ్చిందో, ఆ మనిషికి తన ఇల్లే మొదట బాకీపడి ఉంది. ఇప్పుడు మౌనంగా ఉండిపోతే తనకూ, నేల చూసిన బెనెడిక్టాకూ తేడా ఏముంది?

వెనుదిరిగేసరికి ఆమె గొంతు మామూలుగానే ఉన్నది.

"మా నాయనమ్మ సంగతి నేను చూసుకుంటాను, మిస్. చారు దిదిమణి గేటు బయటే ఉంది. మీరు కుర్చీలు వేస్తేనే లోపలికొస్తుంది. వెయ్యండి."

బెనెడిక్టా గొడుగును కిటికీలో పెట్టింది. కర్రను గోడకు ఆనించింది. పక్కగదిలోంచి ఒక చెక్క కుర్చీని, వెన్ను పట్టుకుని, నేల మీద కీచుమని ఈడ్చుకుంటూ తెచ్చింది. చేతులు కడుక్కుని వచ్చిన పిల్లలు ఆ చప్పుడుకు గుమిగూడారు.

"నేను పడతా! నేను పడతా!"

"వద్దు," అన్నది బెనెడిక్టా. "ఇది నా పని."

ఆమె ఒక్కొక్క కుర్చీ తెచ్చి బొమ్మకొకటి చొప్పున వేసింది. నుదుట చెమట పట్టింది, గంజిచీర నలిగింది. కొంతసేపటికి, బొమ్మలకు ఎదురుగా కూర్చోవడానికి తరులత పిలిచిన తల్లులు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. ఊరంతా భయపడే మిస్ సర్కార్ కుర్చీలు లాగడం వాళ్లెన్నడూ చూడలేదు. ఆఖరి కుర్చీ వేసి, దాని వెన్ను పట్టుకునే ఆమె వాళ్లందరితో చెప్పింది:

"మీ అమ్మలు, అమ్మమ్మలు చెప్పిన కథ మీరంతా విన్నారు. చారుశీల పాల్ ఏ మంత్రమూ వెయ్యలేదు. ఆమె వేసిన కుర్చీలు నేను తీశాను. అడిగినప్పుడు నోరు మూసుకున్నాను. అదీ జరిగింది."

ఝిమ్లి తల్లి ముందుగా వచ్చి, తన బొమ్మను గుర్తుపట్టి, దాని ఎదురుగా కూర్చున్నది. ఆమె వెనుక మిగతావారు.

తరులత గేటు దగ్గరికి పరుగు లాంటి నడకతో వెళ్లింది. టోటో అబ్బాయి ఊపిరి పీల్చుకున్నాడు.

"తీసుకెళ్లండి దిదిమణీ, పుణ్యముంటుంది! ఇందాకట్నించి నా ముఖమే చూస్తోందీ ముసలావిడ. ఎడమ చెవి కిందికి ఉందట, గడ్డం మా తాతదట! మా తాత ఈవిడకెలా తెలుసు?"

"మీ తాత మా వీధిలో వడ్రంగి," అన్నది లోపలినుంచి చారుశీల. "వాడి చెవీ అంతే." తరువాత తరులతను చూసి, "వేసిందా?" అని అడిగింది. ఎవరని అనలేదు.

"తన చేతుల్తోనే వేసింది."

చారుశీల పాత చీరముక్కలో చుట్టిన చుట్టను గుండెకు హత్తుకుని దిగింది. గేటు దగ్గర ఒక క్షణం నిలబడి ఇనుప ఊచను తడిమింది, ముఖం తడిమినట్టు. లోపలికి నడిచింది.

హాల్లో మొదట ఆమె కంట పడినవి బొమ్మలు.

"ఈ ముక్కు ఎవరు వేశారే? పండుమిరపకాయలా ఉంది!"

"నేనే," అన్నది ఝిమ్లి బెదరకుండా. "మా అమ్మది అంతే."

చారుశీల కుర్చీలోని తల్లిని చూసింది, బొమ్మను చూసింది. "అవును సుమా. అంతే."

తల్లులు నవ్వారు, ఝిమ్లి తల్లి ముక్కు నిజంగానే ఎర్రబడింది. ఆ నవ్వులో గదిలోని బిగువు సడలింది. బెనెడిక్టా మాత్రం కుర్చీ వెన్ను వదలలేదు.

"ముసలిదానివై పోయావే, బెనీ."

"నువ్వు కాలేదా?"

"కుర్చీలు బరువనిపించాయా?"

"అనిపించాయి."

"అనిపించాలి," అన్నది చారుశీల. చేయి చాచి, బెనెడిక్టా రవిక భుజం మీద అంటుకున్న బూజును తుడిచింది.

తరులత ఆమె పాదాలకు వంగింది. "చారు దిదిమణీ, ఆ రోజు అరిచింది మా నాయనమ్మట. నాకు ఇవాళే తెలిసింది. మా ఇల్లు మీకు పడ్డ బాకీ ఎలా తీర్చాలో..."

"లే. నాకు తెలీదనుకున్నావా? ముఖాలు చూడటమే నా పనైతే, అరిచిన ముఖం మరిచిపోతానా? ఆవిడ ముఖంలో కోపం లేదే, తల్లీ. భయం. కోడలు చేజారి పోతోందన్న భయం. భయపడ్డవాళ్లతో తగువేమిటి?" అంటూ చారుశీల కుర్చీలో కూర్చుని చుట్ట విప్పసాగింది. "బాకీ నాది. మీ అమ్మ మంచాన ఉందని నాకు తెలుసు. ఆ సాయంత్రం సంబరం అయ్యాక నీ బొమ్మా, కుంచే తీసుకుని మీ ఇంటికి పోదామనుకున్నా. మంచం పక్కన కూచుని నువ్వు మీ అమ్మ కళ్లు దిద్దేదానివి. నన్ను గేటు దాటించేశారు. ఇన్నేళ్లుగా నా కంటికి కునుకు పట్టనిది ఆ మంత్రగత్తె మాటకి కాదు, దీనికి."

చీరముక్క తొలగింది. పసుపురంగుకు తిరిగిన కాగితాల దొంతర. గోడనుంచి పీకి పారవేస్తుంటే ఆమె ఏరి దాచినవి. పైన ఉన్నది ఐదేళ్ల చేతి గీత: వంకర పాపిట, వెడల్పాటి నుదురు, నీలం అంచు చీర. కళ్ల చోట తెల్లదనం.

తల్లి ముఖం తరులతకు జ్ఞాపకం లేదు. ఆ నీలం అంచు మాత్రం ఉన్నది. దాన్ని నోట్లో పెట్టుకుని నమిలేది.

"చూసి దిద్దాలన్నారుగా మీరే. అమ్మ ఏది ఇప్పుడు?"

"మంచాన పడకముందు రోజూ బడి గేటు దగ్గర నిన్ను దింపి పోయేది. కుడి రెప్ప కాస్త వాలి ఉండేది. నవ్వితే ఇంకాస్త వాలేది." చారుశీల పిల్లల వైపు తిరిగింది. "ఇక్కడ అద్దం ఎవరి దగ్గరుందే?"

తమ ముఖాలు తాము గీసుకునే పాఠానికి వాడిన గులాబిరంగు చేతి అద్దాన్ని ఝిమ్లి పరుగున తెచ్చింది. తరులత బడి జీవితమంతా ఎగతాళికి గురైన ఆ కుడికన్ను, నిద్రపోతోందన్న ఆ కన్ను, రంగు మరకల మధ్యనుంచి ఆమెను చూసింది. ఝిమ్లి అద్దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నది. తరులత కుంచెను నల్లరంగులో ముంచింది. నెరిసిన తల వంచి, ఐదేళ్ల పిల్ల సగంలో వదిలిన చోట, ముందు ఎడమ కన్ను, తరువాత రెప్ప కాస్త వాలిన కుడి కన్ను, చూసి చూసి దిద్దింది.

కాగితంలోనుంచి ఒక యువతి ఆమె వైపు చూసింది. తరులత తల్లి ఆ వయసు దాటి బతకలేదు.

"తీరింది," అన్నది చారుశీల, కొంగుతో కళ్లు ఒత్తుకుని. "నీకు నా బాకీ, నాకు మీ ఇంటి బాకీ, ఏమీ మిగల్లేదు. నువ్వు దీన్ని ఇంటికి తీసుకుపోయి మీ నాయనమ్మ పటం పక్కన పెట్టు."

అందరూ ఆ బొమ్మ చుట్టూ చేరారు. చారుశీల చేతిలో దొంతర మాత్రం ఇంకా అలాగే ఉన్నది. ఆమె తరువాతి కాగితం తీసి బెనెడిక్టా ముందు పెట్టింది. అందులో జడ లేదు, చీర అంచు లేదు. తెల్లని తలముసుగు, మెడలో పెద్ద సిలువ.

"అమ్మలేని పిల్ల ఒకతె అమ్మని గీయమంటే మదర్‌ని గీసింది. నన్ను గేటు దాటించిన మదర్‌నే. ఆ రాత్రికి రాత్రే ఆ పిల్లని కూడా హాస్టల్లోంచి ఎక్కడికో పంపేశారని విన్నా. ఎక్కడికి, బెనీ?"

బెనెడిక్టా తాను వేసిన కుర్చీల్లో ఖాళీగా మిగిలిన దాని మీద కూర్చున్నది. ఈసారి మాత్రం ఆమె నేల వైపు చూడలేదు; చారుశీల కళ్లలోకి చూసి, "చెబుతా," అన్నది.